ఇంటి కంప్యూటర్‌కి రెండు మానిటర్లు: బెంగళూరులో మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్లి వెనక మేముండే వీధిలో ఇంటికొకరు వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తున్నారు. కడప, నెల్లూరు, ఖమ్మం, శ్రీకాకుళం... ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లం. నేను ఇంట్లోంచే తెలుగు అనువాదాలు చేస్తాను, ప్రూఫులు దిద్దుతాను. ఎడమ తెర మీద మూలం, కుడి తెర మీద తెలుగు. ఈ సంగతి తెలిసినవాళ్లు రెండో మానిటర్ కొనబోయే ముందు కొందరు, కొన్నాక ఇంకా ఎక్కువమంది నన్ను పిలుస్తుంటారు. కొన్నాక పిలిచినవాళ్లకి చాలాసార్లు ఒకటే మాట చెప్పాల్సి వచ్చింది: షాపుకి వెళ్లే ముందు కంప్యూటర్‌ని ఒక్కసారి వెనక్కి తిప్పి, ఏ పోర్టులు ఉన్నాయో చూసుకుని ఉంటే ఈ డబ్బు మిగిలేది. ఆ డబ్బు మీకు మిగలాలనే ఈ ప్రశ్నలూ జవాబులూ రాశాను.

అసలు నాకు రెండో మానిటర్ అవసరమా?

ఒక గంట మామూలుగా పనిచేస్తూ గమనించండి. తెర మీద ఒక విండోలోంచి ఇంకో విండోకి, మళ్లీ వెనక్కి ఎన్నిసార్లు వెళ్తున్నారు? ఒకటి చూస్తూ ఇంకోటి రాసే పని అయితే, అంటే ఎక్సెల్ చూసి టాలీలో ఎక్కించడం, కోడ్ రాసి బ్రౌజర్‌లో చూసుకోవడం, ఆన్‌లైన్ క్లాసు వింటూ నోట్స్ రాసుకోవడం లాంటివైతే, తేడా మొదటిరోజే తెలుస్తుంది. సినిమాలు చూడ్డానికీ, ఆటలకీ అయితే రెండు చిన్నవాటికన్నా ఒక పెద్దది మేలు.

ఇంకొకటి. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ల దగ్గర ఒక తెర ఎలాగూ ఉంది. దానికి ఒక్క మానిటర్ తగిలిస్తే రెండు తెరలైనట్టే. ముందు అలా ఒక నెల వాడి చూసి, సరిపోకపోతేనే ఇంకోటి కొనండి.

కొనే ముందు ఏం చూసుకోవాలి?

పోర్టులు. అన్నిటికన్నా ముందు అవే. టార్చి వేసి కంప్యూటర్ వెనకాలా, ల్యాప్‌టాప్ అయితే రెండు పక్కలా చూడండి. ఫోన్‌లో ఫోటో తీసుకుని షాపుకి పట్టుకెళ్తే ఇంకా మంచిది.

కింది రెండు మూలలు లోపలికి నొక్కుకుపోయినట్టు, పడవ ఆకారంలో ఉంటే హెచ్‌డీఎంఐ. టీవీలకి ఉండేది ఇదే. దాదాపు అలాగే ఉండి ఒక్క మూల మాత్రమే కోసినట్టు ఉంటే డిస్‌ప్లేపోర్ట్. నీలం రంగులో, పదిహేను రంధ్రాలతో, రెండు పక్కలా స్క్రూలు బిగించుకునేలా ఉంటే వీజీఏ. ఇది 1987లో వచ్చిన పద్ధతి, పాత మానిటర్లకి ఇప్పటికీ ఉంటుంది. తెల్లగా వెడల్పుగా ఉంటే డీవీఐ. చిన్నగా, రెండు చివర్లూ గుండ్రంగా, ఫోన్ ఛార్జర్ పట్టేలా ఉంటే యూఎస్‌బీ-సీ.

ఈ చివరిదాని దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. చూడ్డానికి అన్ని యూఎస్‌బీ-సీ పోర్టులూ ఒకేలా ఉంటాయి గానీ బొమ్మను బయటికి పంపే శక్తి అన్నిటికీ ఉండదు. కొన్ని ఛార్జింగుకి, ఫైళ్లు పంపడానికి మాత్రమే. పక్కన బాణం మొన ఉన్న మెరుపు గుర్తు ఉంటే థండర్‌బోల్ట్, ధైర్యంగా వాడొచ్చు. డీ, పీ అక్షరాలు కలిపి రాసిన గుర్తు ఉన్నా బొమ్మ వస్తుంది. ఏ గుర్తూ లేకపోతే మీ ల్యాప్‌టాప్ మోడల్ నంబరు పట్టుకుని కంపెనీ సైట్‌లో వివరాలు చూడండి. అక్కడ 'డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్' లేదా 'డిస్‌ప్లే అవుట్‌పుట్' అన్న మాట కనబడాలి. కనబడకపోతే ఆ పోర్టు మీద ఆశ పెట్టుకోకండి.

డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ తీసేటప్పుడు ఒక జాగ్రత్త. చాలా కేబుళ్లకి తల మీద చిన్న బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితేనే లోపలి కొక్కేలు వదులుతాయి. నొక్కకుండా లాగితే పోర్టే ఊడిరావచ్చు. ల్యాప్‌టాప్‌లో పోర్టు పోతే బాగుచేయించడానికి అయ్యే ఖర్చు కేబుల్ ఖర్చులాంటిది కాదు.

హెచ్‌డీఎంఐ ఒకటే ఉంది. స్ప్లిటర్ పెడితే రెండు మానిటర్లు పనిచేస్తాయా?

పనిచేస్తాయి, కానీ రెండిటి మీదా ఒకటే బొమ్మ వస్తుంది. స్ప్లిటర్ చేసే పనే అది, వచ్చిన సిగ్నల్‌ని రెండు చోట్లకి పంచడం. పెళ్లి హాల్లో నాలుగు టీవీల్లో ఒకటే దృశ్యం చూపించడానికి బాగుంటుంది, మన పనికి కాదు.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. మొదట్లో ఒక షాపులో "రెండు మానిటర్లు పెట్టుకోవాలి" అని అడిగితే, కౌంటర్ దగ్గరతను స్ప్లిటర్ చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి కేబుళ్లన్నీ తగిలించి కూర్చుంటే ఎడమవైపు తెరిచిన ఫైలే కుడివైపూ వచ్చింది. సెట్టింగ్స్‌లో ఎంత వెతికినా కంప్యూటర్‌కి ఒక్క మానిటరే కనిపిస్తోంది. స్ప్లిటర్ తర్వాత ఎన్ని తెరలున్నా కంప్యూటర్ లెక్కలో అది ఒకటే. తిరిగి తీసుకెళ్తే సీల్ తీశారు కాబట్టి వాపసు లేదన్నారు. అందుకే చెప్తున్నాను, షాపులో "రెండు వేర్వేరు బొమ్మలు రావాలి" అని స్పష్టంగా, ఆ మాటల్లోనే అడగండి.

మరి ల్యాప్‌టాప్‌కి రెండు బయటి మానిటర్లు పెట్టాలంటే?

హెచ్‌డీఎంఐతో పాటు బొమ్మ పంపే యూఎస్‌బీ-సీ కూడా ఉంటే పని సులువు. ఒక మానిటర్ హెచ్‌డీఎంఐకి, రెండోది యూఎస్‌బీ-సీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే కేబుల్‌తో. ఇంతకన్నా చవకైన, నమ్మకమైన దారి లేదు.

యూఎస్‌బీ-సీ ఒక్కటే ఉంటే డాక్ కొనాలి, అంటే ఒక పోర్టుకి తగిలిస్తే చాలా పోర్టులు ఇచ్చే చిన్న డబ్బా. విండోస్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఒకే పోర్టులోంచి రెండు వేర్వేరు బొమ్మలు పంపే ఎంఎస్‌టీ అనే పద్ధతి ఉంటుంది, డాక్‌లో కూడా అది ఉండాలి. డిస్‌ప్లేపోర్ట్ 1.2 నుంచి ఉన్న సౌకర్యం ఇది. కొన్ని మానిటర్లకి వెనక డిస్‌ప్లేపోర్ట్ అవుట్ అని ఇంకో పోర్టు ఉంటుంది. అలాంటిదైతే డాక్ కూడా అక్కర్లేదు, మొదటి మానిటర్ నుంచి రెండోదానికి గొలుసులా కేబుల్ వేసుకోవచ్చు.

బొమ్మ పంపే పోర్టు ఇంకేదీ లేనివాళ్లకి డిస్‌ప్లేలింక్ అడాప్టర్ ఉంది. మామూలు యూఎస్‌బీ పోర్టుకే తగులుతుంది, డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసుకోవాలి. వర్డ్, ఎక్సెల్, మెయిల్ లాంటి పనులకి చక్కగా సరిపోతుంది. ఆటలకీ, వీడియో ఎడిటింగ్‌కీ వద్దు, ఎందుకంటే బొమ్మను కుదించి పంపే పని ప్రాసెసర్ మీద పడుతుంది. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే కొనే ముందు ఐటీవాళ్లని అడగండి. డ్రైవర్ వేసుకునే పర్మిషన్ లేక అడాప్టర్‌ని డబ్బాలోనే ఉంచుకున్నవాళ్లు మా బిల్డింగ్‌లోనే ఇద్దరున్నారు.

మాది మ్యాక్‌బుక్. రెండు బయటి మానిటర్లు వస్తాయా?

ఏ చిప్ అన్నదాని మీద ఉంటుంది. ఎం1, ఎం2 చిప్‌లున్న మ్యాక్‌బుక్ ఎయిర్‌లు ఒక్క బయటి మానిటర్‌నే ఒప్పుకుంటాయి. ఎం3 ఎయిర్ రెండిటికి ఒప్పుకుంటుంది గానీ ల్యాప్‌టాప్ మూత మూసి ఉంచాలి. ఎం4 ఎయిర్‌కి మూత తెరిచే ఉంచి రెండు పెట్టుకోవచ్చు. పేరులో ప్రో, మ్యాక్స్ అని ఉన్న చిప్‌లకి ఈ ఇబ్బంది లేదు.

పైన చెప్పిన ఎంఎస్‌టీ డాక్‌లు మ్యాక్‌కి పనికిరావు. తగిలిస్తే రెండు మానిటర్ల మీదా ఒకటే బొమ్మ వస్తుంది. ఎం1, ఎం2 ఎయిర్‌వాళ్లకి రెండో మానిటర్ తప్పనిసరి అనుకుంటే డిస్‌ప్లేలింకే దారి. దాని యాప్ స్క్రీన్ రికార్డింగ్ పర్మిషన్ అడుగుతుంది, ఇవ్వకపోతే బొమ్మ రాదు. ఆ యాప్ నడుస్తున్నంతసేపూ కొన్ని సినిమా యాప్‌లలో వీడియో నల్లగా వస్తుంది. పాడైందని కంగారు పడకండి.

డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డ్ ఉంది. మానిటర్ పెడితే "నో సిగ్నల్" అంటోంది.

సీపీయూ వెనక రెండు చోట్ల హెచ్‌డీఎంఐ ఉండొచ్చు. పైన, యూఎస్‌బీ పోర్టుల పక్కన నిలువుగా ఉండేవి మదర్‌బోర్డ్‌వి. కింద అడ్డంగా ఉన్న పట్టీలోవి గ్రాఫిక్స్ కార్డ్‌వి. రెండు మానిటర్లూ కార్డ్‌కే తగిలించండి. ఒకటి పైన, ఒకటి కింద పెట్టి, ఒకటే వస్తోందని బాధపడేవాళ్లు చాలామంది. చాలా కంప్యూటర్లలో కార్డ్ పెట్టగానే మదర్‌బోర్డ్ పోర్టులు నిద్రపోతాయి. వాటిని కూడా వాడాలంటే బయోస్‌లో, అంటే విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగ్స్‌లో, ఐజీపీయూ మల్టీ మానిటర్ లాంటి పేరుతో ఉండే సెట్టింగ్ ఆన్ చేయాలి. పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ భాగమే ఉండదు, వాటితో మదర్‌బోర్డ్ పోర్టు నుంచి బొమ్మ ఎప్పటికీ రాదు.

ఏ సైజు తీసుకోవాలి?

ఇక్కడ తెలుగు చదివేవాళ్ల అవసరం వేరు. ఇంగ్లిష్ అక్షరాలు ఒక వరుసలో నిలబడతాయి. మనకి కింద వత్తులు, పైన గుడులు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలో మూడు హల్లులు, ఒక దీర్ఘం సర్దుకోవాలి. 'అర్థం' అంటే మీనింగు, 'అర్ధం' అంటే సగం. ఈ రెండిటికీ తేడా వత్తు కడుపులో ఉన్న ఒక్క చుక్క. ప్రూఫులు దిద్దే నాకు ఆ చుక్క కనబడాలి. 27 అంగుళాల మానిటర్ మీద 1920 బై 1080 రిజల్యూషన్ అంటే అంగుళానికి 82 పిక్సెళ్లే (తెర మీద బొమ్మ కట్టే చుక్కలు) వస్తాయి. దాని మీద మామూలు సైజు తెలుగు చదివితే వత్తులోని ఆ చుక్క మసకలో కలిసిపోతుంది. నేను అలాంటిది ఒకటి స్నేహితుడి ఇంట్లో వారం వాడి చూశాను, సాయంత్రానికి కళ్లు మండేవి.

అదే రిజల్యూషన్ 24 అంగుళాల మీద అయితే అంగుళానికి 92 పిక్సెళ్లు. సరిపోతుంది. 27 అంగుళాలే కావాలంటే 2560 బై 1440 ఉన్నది తీసుకోండి, 109 పిక్సెళ్లు పడతాయి, తెలుగు చాలా నీట్‌గా వస్తుంది. ఖర్చు ఎక్కువే. నన్నడిగితే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఐపీఎస్ ప్యానెల్ ఉన్న 24 అంగుళాలది చాలు. పక్క నుంచి చూసినా రంగు మారకపోవడం ఐపీఎస్ గుణం, రెండు తెరలు పెట్టినప్పుడు ఒకదాన్ని ఎప్పుడూ పక్క నుంచే చూస్తాం కదా.

బల్ల కూడా కొలవండి. 24 అంగుళాల మానిటర్ వెడల్పు దాదాపు 54 సెంటీమీటర్లు. రెండు పెడితే 108. నాలుగడుగుల బల్ల అంటే సుమారు 122, పడుతుంది. అదే 27 అంగుళాలవి రెండైతే ఆ బల్ల అంచు నుంచి అంచుకి వచ్చేస్తాయి, చాయ్ గ్లాసు పెట్టుకునే చోటు కూడా మిగలదు.

పాత మానిటర్ ఒకటి ఉంది. కొత్తదాని పక్కన పెట్టుకోవచ్చా?

నిక్షేపంగా. రెండూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి కానక్కర్లేదు. పాతదానికి వీజీఏ ఒక్కటే ఉంటే హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్ కావాలి. లోపల చిన్న సర్క్యూట్ ఉన్న కన్వర్టర్ అడగండి, ఉత్త కేబుల్ పనిచేయదు, ఎందుకంటే హెచ్‌డీఎంఐది డిజిటల్ సిగ్నల్, వీజీఏది అనలాగ్. వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది వేరే వస్తువు, చూడ్డానికి ఇలాగే ఉంటుంది. ఎటు నుంచి ఎటు అన్నది రెండుసార్లు చూసుకోండి. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్‌కి కూడా ఇదే సంగతి, కంప్యూటర్ వైపు డిస్‌ప్లేపోర్ట్, మానిటర్ వైపు హెచ్‌డీఎంఐ ఉంటేనే నడుస్తుంది.

బెంగళూరులో ఎక్కడ కొనాలి?

ఆన్‌లైన్‌లో కొన్నా తప్పులేదు. కానీ కేబుళ్లు, కన్వర్టర్లు, పాత మానిటర్లు అయితే ఎస్పీ రోడ్‌కి వెళ్లడమే నాకు నచ్చుతుంది. సదర్ పత్రప్ప రోడ్ అసలు పేరు. వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపువాళ్లు పర్పుల్ లైన్ మెట్రో ఎక్కి మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారి చిక్కపేటలో దిగితే నడిచి వెళ్లొచ్చు. కారు తీసుకెళ్లకండి, ఆ సందుల్లో పార్కింగ్ దొరకదు. ఆదివారం కన్నా మామూలు రోజు మధ్యాహ్నం లోపు వెళ్లడం మంచిది. కన్నడ, హిందీ రాకపోయినా ఫరవాలేదు, తెలుగులో బేరమాడితే అర్థం చేసుకునే షాపులవాళ్లు చాలామంది ఉంటారు.

మీ ల్యాప్‌టాప్, ఛార్జర్ పట్టుకెళ్లండి. మానిటర్‌ని అక్కడే తగిలించి చూడండి. తెల్లటి, నల్లటి, ఎర్రటి, పచ్చటి, నీలం బొమ్మలు ఫోల్డర్‌లో పెట్టుకుని వెళ్లి ఒక్కొక్కటీ ఫుల్ స్క్రీన్‌లో వేస్తే చచ్చిన పిక్సెళ్లు బయటపడతాయి. నల్ల తెర వేసినప్పుడు అంచుల దగ్గర వెలుతురు కారుతోందేమో చూడండి. పాతది కొంటుంటే కనీసం పావుగంట ఆన్‌లో ఉంచమనండి. వేడెక్కాక మిణుకుమిణుకుమనే మానిటర్లు ఉంటాయి, అవి మొదటి రెండు నిమిషాల్లో దొరకవు. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి.

కేబుళ్లు తగిలించాను. ఇప్పుడేం చేయాలి?

విండోస్ కీ పట్టుకుని పీ నొక్కండి. నాలుగు ఎంపికలు వస్తాయి. డూప్లికేట్ అంటే రెండిటి మీదా ఒకటే. మనకి కావాల్సింది ఎక్స్‌టెండ్. చాలామందికి పని ఇక్కడితో అయిపోతుంది.

తర్వాత డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరవండి. 1, 2 అని రెండు పెట్టెలు కనిపిస్తాయి. ఐడెంటిఫై నొక్కితే ఏది ఏదో తెరల మీద పెద్ద అంకెలతో చూపిస్తుంది. బల్ల మీద మానిటర్లు ఎలా ఉన్నాయో ఆ పెట్టెల్ని మౌస్‌తో లాగి అలాగే పెట్టండి. మీరు ఎక్కువగా చూసే మానిటర్‌ని ఎంచుకుని 'మేక్ దిస్ మై మెయిన్ డిస్‌ప్లే' టిక్ చేయండి.

మౌస్ కుడివైపు తోస్తే ఆగిపోతోంది, ఎడమవైపు తోస్తే కుడి మానిటర్‌లోకి పోతోంది!

ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న. మా పక్క ఫ్లాట్‌లో కడప అమ్మాయి ఒకరోజు పొద్దున్నే తలుపు కొట్టి "అక్కా, మీటింగ్ ఇంకో పది నిమిషాల్లో ఉంది, మౌస్ గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోతోంది" అంది. వెళ్లి చూస్తే, మానిటర్ ల్యాప్‌టాప్‌కి ఎడమవైపు ఉంది, సెట్టింగ్స్‌లో పెట్టె మాత్రం కుడివైపు ఉంది. పెట్టెను పట్టుకుని ఇటు నుంచి అటు లాగి అప్లై నొక్కాం. అంతే, అర నిమిషం పని.

మౌస్ ఒక ఎత్తులో దాటుతూ, ఇంకో ఎత్తులో ఆగుతోందంటే ఆ రెండు పెట్టెలు ఒకదానికొకటి పైకీ కిందకీ జరిగి ఉన్నాయి. పెట్టెల అంచులు ఎక్కడ ఆనుకున్నాయో అక్కడే దారి. బల్ల మీద ఏ ఎత్తు తేడా ఉందో పెట్టెల్లోనూ అంతే ఉంచండి.

రెండో మానిటర్‌ని కంప్యూటర్ గుర్తించడమే లేదు.

ముందు మానిటర్ బటన్లతో ఇన్‌పుట్ ఏది ఎంచుకుని ఉందో చూడండి. కేబుల్ హెచ్‌డీఎంఐలో ఉండి మానిటర్ వీజీఏ కోసం ఎదురుచూస్తుంటే జన్మలో బొమ్మ రాదు. తర్వాత రెండు మానిటర్ల కేబుళ్లు అటూ ఇటూ మార్చి చూడండి. లోపం కేబుల్‌తో పాటు అవతలి మానిటర్‌కి వెళ్తే కేబులో, అది తగిలిన పోర్టో చెడినట్టు, మానిటర్‌తోనే ఉండిపోతే మానిటర్ చెడినట్టు. కేబుల్‌ని రెండు వైపులా గట్టిగా నొక్కండి. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది, చిన్న బీప్ వస్తుంది, తెరిచిన ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. అప్పటికీ రాకపోతే గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేయండి.

4కే మానిటర్ కొన్నాను, మౌస్ ఈడ్చుకుంటూ కదులుతోంది.

డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకి వెళ్లి రిఫ్రెష్ రేట్, అంటే తెర మీద బొమ్మ సెకనుకి ఎన్నిసార్లు మారుతోందో, చూడండి. 30 హెర్ట్జ్ అని ఉంటే అదే కారణం. హెచ్‌డీఎంఐ 1.4 మీద 4కే అంతవరకే వస్తుంది. 60 కావాలంటే కంప్యూటర్, కేబుల్, మానిటర్ మూడూ హెచ్‌డీఎంఐ 2.0కి తగ్గకూడదు, లేదా డిస్‌ప్లేపోర్ట్ వాడాలి.

ల్యాప్‌టాప్‌లో అక్షరాలు సరిగ్గా ఉన్నాయి, మానిటర్‌లో మరీ పెద్దగా ఉన్నాయి.

స్కేల్ అనే సెట్టింగ్ ఒక్కో తెరకీ వేరుగా పెట్టుకోవచ్చు. ఆ తెర పెట్టె మీద నొక్కి, కింద స్కేల్ మార్చండి. చిన్న ల్యాప్‌టాప్‌కి 125 లేదా 150 శాతం, 24 అంగుళాల మానిటర్‌కి 100. తెలుగు ఎక్కువ చదివేవాళ్లు మానిటర్‌కి కూడా 125 పెట్టి చూడండి. రిజల్యూషన్ మాత్రం తగ్గించకండి, 'రికమెండెడ్' అని పక్కన రాసి ఉన్నదే ఉంచాలి. అక్షరం పెద్దది కావాలని రిజల్యూషన్ తగ్గిస్తే అంతా అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. స్టార్ట్‌లో క్లియర్‌టైప్ అని కొట్టి, వచ్చేదాంట్లో రెండు మానిటర్లకీ విడివిడిగా అక్షరాలు సరిచేసుకోండి.

రెండిటి రంగులూ కలవడం లేదు.

పూర్తిగా కలవవు. ముందు రెండిటి వెలుతురు ఒకే స్థాయికి తీసుకురండి, తర్వాత మానిటర్ మెనూలో కలర్ టెంపరేచర్ రెండిటికీ ఒకటే పెట్టండి. తేడాలో చాలాభాగం పోతుంది. నలుపు బూడిద రంగులా కనిపిస్తే గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో డైనమిక్ రేంజ్ 'లిమిటెడ్'లో ఉందేమో చూసి 'ఫుల్' చేయండి.

మానిటర్ పెట్టగానే సౌండ్ పోయింది.

సౌండ్ హెచ్‌డీఎంఐ ద్వారా మానిటర్‌కి వెళ్లిపోయింది, దానికేమో స్పీకర్లు లేవు. కింద మూలన స్పీకర్ గుర్తు దగ్గర పాత స్పీకర్‌ని మళ్లీ ఎంచుకోండి.

మానిటర్ తీసేశాక ఒక విండో ఎక్కడికో పోయింది, కనబడటం లేదు.

టాస్క్‌బార్‌లో దాని మీద నొక్కి, విండోస్ కీ, షిఫ్ట్ పట్టుకుని కుడి లేదా ఎడమ బాణం నొక్కండి. మామూలుగా కూడా విండోని ఈ తెర నుంచి ఆ తెరకి పంపడానికి ఇదే వేగమైన దారి, నేను రోజుకి పదుల సార్లు వాడతాను. విండోస్ 11లో 'రిమెంబర్ విండో లొకేషన్స్' అన్నది ఆన్ చేస్తే, మానిటర్ మళ్లీ పెట్టినప్పుడు విండోలు వాటి చోటికి అవే వెళ్తాయి.

మెడ నొప్పి వస్తోంది. ఎలా అమర్చుకోవాలి?

ఇది దయచేసి తేలిగ్గా తీసుకోకండి. రెండు మానిటర్లూ సమానంగా పెట్టి, మధ్యలోని అతుకు ముఖానికి ఎదురుగా వచ్చేలా కూర్చునేవాళ్లు చాలామంది. అలా అయితే రోజంతా మెడ ఏదో ఒక పక్కకే తిరిగి ఉంటుంది. ఎక్కువసేపు చూసే మానిటర్‌ని సరిగ్గా ముందు పెట్టండి. రెండోదాన్ని పక్కన, కొంచెం మీ వైపు తిప్పి ఆనించండి. రెండిటినీ నిజంగా సగం సగం వాడేవాళ్లు మాత్రమే మధ్యలో కూర్చోవాలి.

చెయ్యి చాచితే వేళ్లు తెరకి తగిలేంత దూరం చాలు. పై అంచు మీ కంటి ఎత్తులోనో, కాస్త కిందనో ఉండాలి. రెండు పవర్ల కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు ఇంకొంచెం కిందికి దించుకోండి, లేకపోతే కింది అద్దంలోంచి చూడ్డానికి గడ్డం పైకెత్తాల్సి వస్తుంది. ఎత్తు చాలకపోతే స్టాండ్ కొననక్కర్లేదు. ఏ4 కాగితాల రీము ఒకటి దాదాపు 5 సెంటీమీటర్లు. నా ఎడమ మానిటర్ కింద రెండు రీములున్నాయి. కిటికీకి ఎదురుగానో, కిటికీ వీపు వెనక ఉండేలాగో కాకుండా, కిటికీ పక్కకి వచ్చేలా బల్ల వేసుకుంటే తెర మీద వెలుతురు పడదు.

గోడకి బిగించవచ్చా? ఆర్మ్ మంచిదా?

అద్దె ఇంట్లో గోడకి డ్రిల్ వేసే ముందు ఓనర్‌ని అడగాలి, అడ్వాన్స్‌లో కోత పడే సంగతి ఇది. బల్లకి బిగించే ఆర్మ్ మేలు. మానిటర్ వెనక నాలుగు స్క్రూ రంధ్రాలున్నాయో లేదో చూడండి. వాటి మధ్య దూరం 75 లేదా 100 మిల్లీమీటర్లు ఉంటుంది, వెసా అంటారు. కొన్ని చవక మానిటర్లకి ఈ రంధ్రాలే ఉండవు. గాజు బల్లకి ఆర్మ్ బిగించవద్దు. పొట్టు చెక్క బల్ల అయితే క్లాంప్ కిందా పైనా చిన్న ప్లైవుడ్ ముక్కలు పెట్టి బిగించండి, లేకపోతే బరువుకి చెక్క నలిగిపోతుంది.

ఒకదాన్ని నిలువుగా పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. డిస్‌ప్లే ఓరియెంటేషన్‌లో పోర్ట్రెయిట్ ఎంచుకోండి. కోడ్‌కీ, పొడుగు పత్రాలకీ బాగుంటుంది. అయితే క్లియర్‌టైప్ అడ్డంగా ఉన్న తెరని దృష్టిలో పెట్టుకుని చేసినది కాబట్టి, నిలువు తెర మీద అక్షరాల అంచుల్లో సన్నటి రంగు చారలు కనిపించవచ్చు. తెలుగు ప్రూఫులకి నేను అడ్డం తెరే వాడతాను.

కరెంట్ బిల్లు పెరుగుతుందా? కరెంట్ పోతే?

24 అంగుళాల ఎల్ఈడీ మానిటర్ సుమారు 25 వాట్లు తింటుంది. రోజుకి 8 గంటలు, నెలకి 25 రోజులు అంటే 5 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలు వేసుకున్నా 30 రూపాయలు. గృహజ్యోతి (కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంట్ పథకం) ఉన్నవాళ్లు ఇప్పటికే 200 యూనిట్ల అంచున ఉంటే మాత్రం చూసుకోండి, 200 దాటిన నెల మొత్తం బిల్లు కట్టాలి.

బెస్కాం కరెంట్ పోయి అపార్ట్‌మెంట్ జనరేటర్ అందుకునే కొద్ది సెకన్లలో డెస్క్‌టాప్ ఆరిపోతుంది. సీపీయూ, ఒక్క మానిటర్, వైఫై రూటర్ యూపీఎస్‌కి పెట్టండి. రెండో మానిటర్ మామూలు ప్లగ్‌కి చాలు. ఫైల్ సేవ్ చేసుకోవడానికి ఒక తెర ఉంటే సరిపోతుంది కదా, బ్యాటరీ ఇంకొంచెంసేపు నిలుస్తుంది.

టీవీని రెండో మానిటర్‌గా వాడొచ్చా?

అప్పుడప్పుడు అయితే వాడొచ్చు. బొమ్మ అంచులు కోసుకుపోతే టీవీ మెనూలో 'జస్ట్ స్కాన్' లేదా 'స్క్రీన్ ఫిట్' పెట్టండి. ఇన్‌పుట్ పేరుని పీసీగా మారిస్తే కొన్ని టీవీల్లో అక్షరాలు స్పష్టంగా వస్తాయి. రోజంతా దగ్గర కూర్చుని చదవడానికి మాత్రం టీవీ వద్దు.

ఇల్లు మారుతున్నాం. మానిటర్లు ఎలా తీసుకెళ్లాలి?

డబ్బా, థర్మాకోల్ అటక మీద దాచి ఉంటే అందులోనే. లేకపోతే రెండు మానిటర్ల తెరలూ ఎదురెదురుగా పెట్టి, మధ్యలో మెత్తటి దుప్పటి మడిచి, చుట్టూ దుప్పట్లు చుట్టి కట్టండి. ఎప్పుడూ నిలువుగానే నిలబెట్టాలి, పడుకోబెట్టి పైన ఏదైనా పెడితే ప్యానెల్ పగులుతుంది. ప్యాకర్స్ లారీలో వేయకుండా, మీరు వెళ్లే కారులోనో ఆటోలోనో ఒడిలో పట్టుకుని వెళ్లండి. కేబుళ్లు తీసే ముందు ఏది ఎక్కడ ఉందో ఒక ఫోటో తీసుకుని, ఒక్కో కేబుల్‌కీ టేప్ మీద పెన్నుతో పేరు రాసి అంటించండి.